రాడ్‌కు ఎక్కువ పెట్టాలా, రీలుకా: మీ చేప ఎక్కడ తప్పించుకుంటోందో ముందు చూడండి

గాలం వేటకు కొత్తగా సామాను కొనేవారైనా, పాత సామాను మార్చాలనుకునేవారైనా ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతారు: చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటా కర్రకు పెట్టాలా, రీలుకు పెట్టాలా? చెరిసగం పెట్టేయడం తేలికే కానీ, అలా చేస్తే రెండూ ఓ మోస్తరువే వస్తాయి, మీ వేటకు నిజంగా కావలసినది మాత్రం చేతికి రాదు. అందరికీ సరిపోయే జవాబు లేకపోయినా, ఎవరి జవాబు వారు తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ఈమధ్య వెళ్లిన పది పన్నెండు వేటల్లో మీకు దక్కకుండా పోయిన చేపలను గుర్తు చేసుకోండి. అవి ఎరను నోట పెట్టుకున్న సంగతి మీకు తెలిసేలోపే వదిలేసి పోయాయా, లేక కొక్కెం దిగాక పరుగు తీసి, దారం తెంపుకుని పోయాయా? మొదటి రకం నష్టం ఎక్కువగా ఉంటే డబ్బు రాడ్‌కు పెట్టండి, రెండో రకం ఎక్కువగా ఉంటే రీలుకు పెట్టండి.

రెండింటి పనులు వేరు కావడమే దీనికి కారణం. ఎరను విసరడం, నీటి అడుగున జరుగుతున్నది చేతికి తెలియజేయడం, చేప నోరు మూయగానే కొక్కెం దిగేలా లాగడం, ఆ తరువాత దాని కుదుపులను వంగి భరించడం కర్ర చేసే పనులు. దారాన్ని చిక్కుపడకుండా వదలడం, తిరిగి ఒత్తుగా చుట్టుకోవడం, చేప బలంగా లాగినప్పుడు తెగే దాకా రానివ్వకుండా కొలత ప్రకారం దారం విడవడం రీలు చేసే పనులు. చేప చిక్కేదాకా పెత్తనం కర్రది, చిక్కిన తరువాత అది క్రమంగా రీలు చేతికి పోతుంది. చిన్న చేప అయితే ఆ రెండో భాగం కొద్ది క్షణాల్లో ముగిసిపోతుంది, పెద్ద చేప అయితే అసలు వేట అక్కడే మొదలవుతుంది.

అయితే దారం తెగిన ప్రతిసారీ రీలును నిందించడం న్యాయం కాదు. తెగిన కొసను వెలుతురులో పెట్టి చూడండి. కొస చుట్టలు తిరిగి స్ప్రింగులా ఉంటే ముడి జారిపోయిందని అర్థం, అది మీ చేతి పని. కొస దగ్గర దారం గరుకుగా, తెల్లబడి ఉంటే అది రాతికో, కర్ర వెంట దారం దూరే గైడు రింగుల్లో పగిలినదానికో ఒరుసుకుంది. ఈ రెండు ఆనవాళ్లూ లేకుండా, చేప పరుగందుకున్న మొదటి క్షణంలోనే పదే పదే తెగుతుంటే అప్పుడు అనుమానించవలసింది రీలులోని డ్రాగ్‌ను, అంటే దారాన్ని కొలత ప్రకారం విడిచే బ్రేకును.

రాడ్ విలువ ఎక్కడ తెలుస్తుంది

కర్ర గురించి నాకు అర్థమైన రోజు బాగా గుర్తుంది. ఒక మిత్రుడు తన కార్బన్ రాడ్ చేతికిస్తే, నా రీలునే విప్పి దానికి బిగించాను. దారం అదే, పది గ్రాముల జిగ్ (బరువు తల ఉన్న కొక్కెపు ఎర) అదే, నిలబడిన గట్టూ అదే. నా పాత ఫైబర్‌గ్లాస్ కర్రతో నీటి అడుగు అంతా ఒకేలా, మెత్తగా తోచేది. ఈ కర్రతో జిగ్ ఇసుక మీద జారడం ఒకలా, గులకరాయికి తట్టుకోవడం ఒకలా, నాచులో దిగబడడం మరొకలా తెలిశాయి. కాసేపటికి చూపుడు వేలికి ఒక చిన్న తట్టు తగిలింది, గోటితో బల్ల మీద ఒక్కసారి కొట్టినంత. అది రాయి కాదని అనిపించి లాగితే కొక్కేనికి చేప ఉంది. అలాంటి తట్టులు అంతకుముందు నా చేతికి అందకుండా ఎన్ని పోయి ఉంటాయోనని ఆ సాయంత్రమంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

అడుగున మెల్లగా కదిలించే జిగ్‌లు, మెత్తటి ప్లాస్టిక్ పురుగులు వాడేవారికి ఈ స్పర్శే ప్రాణం. చేప వాటిని నోట పెట్టుకుని, నచ్చకపోతే అంతే తొందరగా ఉమ్మేస్తుంది, ఆ మధ్య దొరికే అరక్షణాన్ని కర్ర మీకు అందించాలి. అలాంటి వేటలో తేలికగా, బిరుసుగా ఉండే కార్బన్ కర్రకు పెట్టిన డబ్బు వృథా కాదు. కానీ కర్ర మార్చే ముందు తక్కువ ఖర్చుతో తేలే పని ఒకటి చేసి చూడండి. తంగూసు లాగినప్పుడు సాగుతుంది, దూరం పెరిగేకొద్దీ చిన్న తట్టులు ఆ సాగుడులోనే కలిసిపోతాయి. అల్లిన దారం, అంటే బ్రెయిడ్, దాదాపు సాగదు. రీలుకు బ్రెయిడ్ చుట్టి, కొసన రెండు మూడు మూరల తంగూసు ముక్కను లీడరుగా కట్టి వేస్తే, మీ పాత కర్ర కూడా ఇంతకాలం చెప్పని సంగతులు కొన్ని చెప్పవచ్చు. అప్పటికీ తెలియకపోతే అప్పుడు కొత్త కర్ర మాట ఆలోచించండి.

కర్ర మీద అచ్చు వేసిన అక్షరాలను చూసి మోసపోకండి. ఐఎం6, ఐఎం7 వంటివి హెక్సెల్ అనే సంస్థ తన కార్బన్ పోగులకు పెట్టుకున్న పేర్లు, రాడ్‌ల నాణ్యతకు అందరూ ఒప్పుకున్న కొలమానం కాదు. మాడ్యులస్ ఎక్కువ అని రాసి ఉంటే పోగు బిరుసు ఎక్కువ అని మాత్రమే అర్థం. బిరుసు పెరిగితే కర్రను సన్నగా, తేలికగా చేయవచ్చు, కానీ పక్క నుంచి తగిలే దెబ్బను ఓర్చుకునే గుణం తగ్గుతుంది. పడవ అంచుకు కొట్టుకున్నా, కారు తలుపులో పడినా, చేపను ఎత్తేటప్పుడు కర్రను నిట్టనిలువు దాటించి వెనక్కు వంచినా ఖరీదైన కార్బన్ కర్ర నిమిషంలో రెండు ముక్కలవుతుంది. పిల్లలతో వెళ్లేవారు, సామానును వాహనంలో మొరటుగా పడేసేవారు ఈ విషయం ముందే ఆలోచించుకోవాలి. బరువైనా సరే, ఫైబర్‌గ్లాస్ గాని, రెండూ కలిపి చేసిన కర్ర గాని వారికి ఎక్కువ కాలం మన్నుతుంది.

స్పర్శ అక్కర్లేని వేటలూ ఉన్నాయి. బెండు వేసి పట్టేటప్పుడు చేప వచ్చిందని చెప్పేది కన్ను. కర్రను ఊతానికి ఆనించి, కొసకు గంట కట్టి కూర్చునేవారికి చెవి చెబుతుంది. అలాంటి వారు ఖరీదైన కర్ర కొనడం దండగ. వేగంగా లాగే క్రాంక్‌బెయిట్ లాంటి లూర్‌లకు, అంటే ఉత్తుత్తి ఎరలకైతే, మరీ బిరుసైన కర్ర చెరుపే చేస్తుంది, ఎందుకంటే చేప కొట్టగానే కర్ర కాస్త వంగి ఊతమివ్వకపోతే చిన్న మూడు ముళ్ల కొక్కేలు నోటి నుంచి ఊడి వచ్చేస్తాయి.

రీలులో కొనేది డ్రాగ్

మెరిసే లోహాన్నీ, డబ్బా మీద రాసిన బేరింగుల సంఖ్యనూ పక్కన పెడితే, రీలుకు ఎక్కువ డబ్బిచ్చి మీరు కొనేది ముఖ్యంగా డ్రాగ్, గట్టి గేర్లు, వంగని ఒళ్లు. నాసిరకం బేరింగులు పది ఉన్న రీలు కంటే మంచివి నాలుగైదు సరైన చోట ఉన్న రీలు మేలు. గేర్లు నలిగితే పిడి తిప్పినప్పుడు ఇసుక నూరినట్టు తెలుస్తుంది, ఒళ్లు బలహీనమైతే బరువు పడినప్పుడు పళ్లు సరిగా కలవవు.

డ్రాగ్ అంటే దారం చుట్టి ఉండే స్పూల్‌ను పట్టి ఉంచే చిన్న బ్రేకు. ఒకదాని మీద ఒకటి పేర్చిన బిళ్లల రాపిడితో అది పని చేస్తుంది. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం దాన్ని దారం తెగే బలంలో పావు నుంచి మూడో వంతు మధ్య బిగిస్తారు, అంటే 5 కిలోల దారానికి సుమారు 1.25 నుంచి 1.6 కిలోల వరకు. పరీక్షించడానికి దారం కొసను స్ప్రింగ్ త్రాసుకు కట్టి, రీలు నుంచి నేరుగా మెల్లగా లాగించండి. మంచి డ్రాగ్ అయితే త్రాసు ముల్లు 1.5 దగ్గరికి ఎక్కి, స్పూల్ తిరుగుతున్నంతసేపూ అక్కడే నిలుస్తుంది. నా పాత రీలుతో ఈ పని చేసినప్పుడు ముల్లు రెండున్నర దాకా ఎక్కింది, స్పూల్ ఒక్క కుదుపుతో కదిలింది, ముల్లు ఒకటిన్నరకు పడింది, మళ్లీ రెండున్నరకు ఎక్కింది. చేప ఉన్నట్టుండి పరుగు తీస్తే ఆ ఒక్కొక్క కుదుపూ దారం మీద ఒక్కొక్క దెబ్బ. అంతకుముందు తెగిన దారాలకు కారణం నాకు ఆ త్రాసు మీద కనిపించింది.

దీనికి మరో లెక్క తోడవుతుంది. చేప దూరం పోయేకొద్దీ స్పూల్ మీద దారం చుట్ట సన్నబడుతుంది, చుట్ట వ్యాసం సగానికి తగ్గితే దాన్ని తిప్పడానికి చేప లాగవలసిన బలం రెట్టింపవుతుంది. వంగిన కర్ర గైడుల రాపిడి, నీటిలో ఈడ్చుకుపోయే దారం బరువు దీనికి అదనం. ఒడ్డున పావు వంతుకు బిగించిన డ్రాగ్, దూరంగా పరుగెత్తిన పెద్ద చేప మీద సగానికి పైగా బిగిసినట్టు పని చేస్తుంది. అందుకే దూరం పరుగెత్తే చేపలను పట్టేవారు పెద్ద స్పూల్, నిలకడైన డ్రాగ్ ఉన్న రీలుకే ముందుగా డబ్బు తీయాలి.

సముద్రం దగ్గర నేను మరో మాట లేకుండా రీలు వైపే మొగ్గుతాను. ఉప్పునీరు, ఇసుక చేరితే చౌక రీలులోని బేరింగులు, స్ప్రింగులు త్వరగా తుప్పు పడతాయి, నీరు చొరబడకుండా సీలు వేసిన రీలు ఊరికే ఖరీదైనది కాదు. నడిచే పడవ వెనుక ఎర ఈడ్చే ట్రోలింగ్‌లో కర్ర గొట్టంలో గుచ్చి ఉంటుంది, ఎరను విసరడమూ లేదు, కొరుకును చేతితో పసిగట్టడమూ లేదు. ట్యూనా తగిలిందంటే వందల గజాల దారం పోతుంది, దాన్ని ఆపవలసింది రీలే. దీనికి పూర్తిగా ఎదురు చిన్న ట్రౌట్‌కు వేసే ఫ్లై వేట. అక్కడ ఎరకు బరువుండదు, విసిరేది దారం బరువును, ఆ దారాన్ని గాలిలో నడిపించేది కర్ర, రీలు చాలావరకు దారం దాచుకునే గిన్నె మాత్రమే. అదే ఫ్లై వేటతో ఉప్పునీటి బోన్‌ఫిష్‌కు వెళితే లెక్క మళ్లీ తిరగబడుతుంది, ఆ చేప మొదటి పరుగులోనే వంద గజాలు లాక్కుపోగలదు.

రీలు రకాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది. స్పూల్ కదలకుండా నిలిచి ఉండే స్పిన్నింగ్ రీలుకు ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ పేటెంటు పొందింది 1905లో. శతాబ్దానికి పైగా మెరుగులు దిద్దుకున్న అమరిక గనుక, మధ్యరకం స్పిన్నింగ్ రీలు కూడా మంచినీటి వేటకు నమ్మకంగా సరిపోతుంది. బెయిట్‌కాస్టర్ అలా కాదు. విసిరినప్పుడు దాని స్పూలే గిర్రున తిరుగుతుంది, దారం బయటికి పోయే వేగం కంటే స్పూల్ వేగం మించిందంటే లోపల దారం చిక్కుపడి పిచ్చుక గూడులా అల్లుకుపోతుంది. ఆ వేగాన్ని అదుపు చేసే బ్రేకు చౌక రీలులో సరిగా ఉండదు. మంచి బెయిట్‌కాస్టర్ కొనగలిగినంత డబ్బు లేకపోతే చౌకది కొనకండి, అదే డబ్బుకు మంచి స్పిన్నింగ్ రీలు తీసుకోండి.

వాటాలు వేసే పద్ధతి

ముందుగా మొత్తం డబ్బును పది వాటాలు చేసి, రెండు వాటాలు దారానికి, కొక్కేలకు విడిగా తీసి పెట్టండి. చాలామంది దీన్ని మరిచి, ఖరీదైన రీలుకు నాసి దారం చుట్టి బాధపడతారు. మిగిలిన ఎనిమిదిలో, మంచినీటిలో జిగ్, మెత్తటి లూర్ వాడేవారు ఐదు కర్రకు, మూడు రీలుకు పెట్టవచ్చు. సముద్రపు ఒడ్డున, పడవ మీద, పెద్ద చేపలకు వెళ్లేవారు దీన్ని తిరగేసి ఐదు రీలుకు ఇవ్వాలి. ఏం పడతామో ఇంకా తేల్చుకోని కొత్తవారు రీలుకే ఒక వాటా ఎక్కువ ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. రీలును ఒక కర్ర నుంచి విప్పి ఇంకో కర్రకు బిగించుకోవచ్చు, డ్రాగ్ బిళ్లలు అరిగితే మార్చుకోవచ్చు, అదనపు స్పూల్ కొంటే రెండు రకాల దారాలు సిద్ధంగా ఉంటాయి. కర్రను మాత్రం కొన్న తరువాత మెరుగుపరచుకోలేము.

దుకాణంలో కర్రను, రీలును విడివిడిగా చూసి తృప్తి పడకండి. రీలు బిగించి, కర్ర చేతిపట్టు ముందు భాగం కింద ఒక వేలు పెట్టి నిలపండి. కొస దబ్బున కిందికి వాలిపోతే రోజంతా మణికట్టే ఆ బరువు మోయాలి. కర్రను కంటికి సమంగా పట్టి, గైడులన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడండి. ప్రతి గైడు లోపలి రింగులోనూ దూది తిప్పండి, ఒక్క పోగు పట్టుకున్నా అక్కడ పగులున్నట్టే, బ్రెయిడ్ అక్కడే తెగుతుంది. రీలు పిడిని పట్టి అటూ ఇటూ ఊపండి, కొద్దిగా బిగించిన డ్రాగ్ మీద దారాన్ని చేతితో చాలా మెల్లగా లాగండి. వేగంగా లాగితే ఏ డ్రాగ్ అయినా బాగున్నట్టే ఉంటుంది, కుదుపు బయటపడేది మెల్లగా లాగినప్పుడే.

ఇంటికి వచ్చాక దారాన్ని స్పూల్ అంచు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా చుట్టండి. ఉప్పునీటి వేట నుంచి వచ్చిన ప్రతిసారీ డ్రాగ్ బిగించి, మంచినీటిని ధారగా కొట్టకుండా పైపైన చిలకరించి కడిగి, నీడన ఆరబెట్టి, ఆరిన తరువాత డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి దాచండి. నెలల తరబడి బిగించి ఉంచితే బిళ్లలు ఒకదానికొకటి అంటుకుపోతాయి.