జ్వరాల సీజన్‌కు ముందే సిస్టర్లు చూసుకోవాల్సినవి

గోల్కొండలో బోనాలు మొదలయ్యాయంటే మన వార్డుల్లో జ్వరాలు కూడా బయల్దేరినట్టే. శ్రావణం దాటేసరికి నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి ఓపీ లైన్ నుంచి ప్రైవేటు ఐసీయూల దాకా ఒకటే రద్దీ. నా సర్వీసులో చూసిన పెద్ద గొడవలన్నీ ఈ మూడు నాలుగు నెలల్లోనే జరిగాయి. గొడవయ్యాక ఎవరు ఏమన్నారో తేల్చడం ఎవరి తరమూ కాదు. అందుకే ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

మొదట డ్యూటీ చార్ట్. బతుకమ్మకు ఊరెళ్లాలని అందరికీ ఉంటుంది. సెలవు చీటీ ఇప్పుడే ఇచ్చి, ఇన్‌ఛార్జ్ సిస్టర్ సంతకంతో కాపీ దగ్గరుంచుకోండి. "చూద్దాంలే అమ్మా" అంటే సెలవు ఇచ్చినట్టు కాదు. ఫోన్‌లో డబుల్ డ్యూటీ చెప్పారా, చేయండి. చేసే ముందు మాత్రం "మేడమ్, మీరు చెప్పినట్టు ఈ రోజు నైట్ కూడా చేస్తున్నా, శుక్రవారం ఆఫ్ ఇస్తానన్నారు" అని ఆమెకే వాట్సాప్ పెట్టండి. వార్డు గ్రూపులో వద్దు. అక్కడ పెడితే అది ఫిర్యాదైపోతుంది.

ఇక అటెండర్లు, అంటే పేషెంట్ వెంట ఉండే ఇంటివాళ్లు. ఓ నైట్‌లో ఐదో రోజు డెంగ్యూ కుర్రాడికి బీపీ పడిపోతోంది, ఐసీయూకి మార్చాలన్నాం. వాళ్లన్న నా చేతిలోని బీపీ కఫ్ లాగేసి "పొద్దున జ్వరం తగ్గిందన్నరు గదా, ఇప్పుడు ఐసీయూ ఏంది? బిల్లు కోసమేనా?" అని అరిచాడు. అతని తప్పు ఎంతుందో మా తప్పూ అంతే ఉంది. డెంగ్యూలో జ్వరం దిగాకే అసలు గండం: రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) బయటికి కారుతుంది, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతుంది, బీపీ జారుతుంది. ఆ ముక్క చేర్చుకున్న రోజే అతనికి ఎవరూ చెప్పలేదు. అతను ప్లేట్‌లెట్లు ఒక్కటే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

కాబట్టి అడ్మిషన్ రోజే ఇంటివాళ్లలో ఒకరిని పక్కకు పిలిచి చెప్పండి: జ్వరం తగ్గాక ఒకట్రెండు రోజులు మరింత కనిపెట్టుకుని ఉండాలి, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మత్తు కనిపిస్తే వెంటనే పిలవాలి. ఎవరికి, ఏ టైముకి చెప్పారో నోట్స్‌లో రాయండి. "ఏం కాదులే అన్నా" అని ధైర్యం మాత్రం చెప్పకండి. రేపు అదే మాట మీ మీదికి వస్తుంది.

ఎవరైనా చెయ్యెత్తితే తలుపు వైపు జరిగి సెక్యూరిటీని పిలవండి, తర్వాతే మాటలు. ఆస్పత్రి సిబ్బందిపై దాడులకు ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన 2008 చట్టం కింద 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా ఉన్నాయి. "పోనీలే, సర్దుకో" అనేవాళ్లు మనవాళ్లలోనే ఉంటారు. సర్దుకోవాలో వద్దో తెల్లారాక ఆలోచించొచ్చు. ఇన్సిడెంట్ రిపోర్ట్ మాత్రం ఆ షిఫ్ట్‌లోనే రాయాలి.

డాక్టర్ ఫోన్‌లో ఆర్డర్ ఇస్తే మందు, డోసు తిరిగి చదివి వినిపించి, టైము వేసి, రౌండ్స్‌లో సంతకం తీసుకోండి. షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్ నర్సింగ్ స్టేషన్‌లో కాకుండా మంచం దగ్గరే ఇవ్వండి. సెలైన్ ఎంత వేగంతో పోతోందో ఇద్దరి కళ్లూ చూస్తే, ఆ తర్వాత నువ్వా నేనా అనే మాట రాదు.

డబుల్ డ్యూటీ అలసటలో సూది గుచ్చుకోవడం మామూలే. అజాగ్రత్త అంటారని దాచకండి. కడుక్కుని వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైతే 2 గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. హెపటైటిస్ బీ టీకా 3 డోసులూ పూర్తయ్యాయో లేదో ఈ వారమే చూసుకోండి.

లైంగిక వేధింపుల విషయంలో ఒక్కమాట. 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదుకు గడువు 3 నెలలు. కమిటీలో ఎవరున్నారో అవసరం పడకముందే తెలుసుకోండి.

కోపంలో "రేపట్నుంచి రాను" అనేసి సీజన్ మధ్యలో వెళ్లిపోకండి. గల్ఫ్‌కు పోవాలంటే ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ కోసం మళ్లీ ఆ మెట్లే ఎక్కాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరేటప్పుడు చూపించండి, అటెస్ట్ చేసిన కాపీలు ఇవ్వండి. ఒరిజినల్స్ మన బీరువాలోనే ఉండాలి. నావి తెచ్చుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది.