తొలకరికి ముందే చెవి, ముక్కు చూపించుకోండి

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే ఇఎన్‌టి డాక్టర్ల దగ్గర జనం పెరుగుతారు. చెవి దురద, చెవి దిబ్బడ, చీము, తెల్లవారుజామున ఆగని తుమ్ములు. గాలిలో తేమ పెరగడం ఒక కారణం. ఆ తేమ పట్టిన చెవిలో మనం పెట్టే పుల్లలు, పోసే నూనెలు దాన్ని జబ్బుగా మారుస్తాయి. అందుకే మే నెలలోనే, ఎండలు ఉండగానే చూసుకోవాల్సిన విషయాలు రాస్తున్నాను.

ముందుగా, ఎప్పుడైనా చెవి కారిన వాళ్ళ గురించి. "చిన్నప్పటి నుంచీ ఉంది, జలుబు చేసినప్పుడల్లా కాస్త కారుతుంది, తర్వాత అదే తగ్గిపోతుంది" అని చాలా ఇళ్ళలో తేలిగ్గా అనేస్తారు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు. కానీ అలా పదే పదే కారే చెవిలో చాలాసార్లు కర్ణభేరికి చిల్లు ఉంటుంది. స్నానం నీళ్ళు ఆ చిల్లులోంచి లోపలికి వెళ్తే మళ్ళీ చీము పడుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ వినికిడి తగ్గుతుంది. డాక్టర్ చెవిలోకి లైటు వేసి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. చిల్లు ఉందని చెబితే తలస్నానం చేసేటప్పుడు దూదికి వాజలైన్ రాసి చెవి ద్వారం దగ్గర పెట్టుకోండి, స్నానం కాగానే తీసేయండి. చెరువులో, బావిలో, ఈత కొలనులో మునగొద్దు. చెవి పొడిగా ఉన్నప్పుడు చిల్లు మూసే ఆపరేషన్ చేస్తారు. చెవి పైన కండరం మీదుండే పల్చటి పొర తీసి కర్ణభేరికి అతుకు వేస్తారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే, ఈ ఆపరేషన్ అందులో వస్తుందేమో ఆస్పత్రిలో అడగండి.

కొద్దిగానే కారినా దుర్వాసన వేస్తుంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగొద్దు. కర్ణభేరి వెనక చర్మం పేరుకుపోయి పక్కనున్న ఎముకను తినేసే జబ్బు ఒకటుంది, కొలెస్టియటోమా అంటారు. అది ముఖం నరం దాకా, మెదడు పొరల దాకా పోగలదు. చుక్కల మందుతో నయం కాదు, ఆపరేషనే మార్గం.

ఇక వానాకాలంలో ఎక్కువగా కనిపించేది చెవి ఫంగస్. విపరీతమైన దురద, చెవి నిండిపోయినట్టు ఉండటం, కొన్నిసార్లు నొప్పి. లోపల చూస్తే తడిసిన వార్తాపత్రిక ముక్కలా తెల్లగా, మధ్యమధ్య నల్లటి చుక్కలతో కనిపిస్తుంది. దురద పుట్టగానే చేతికి ఇయర్ బడ్, అగ్గిపుల్ల, పిన్నీసు, ఏది దొరికితే అది వెళ్తుంది. చర్మం గీసుకుపోతుంది, ఫంగస్ ఇంకా పెరుగుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ చుక్కలు ఫంగస్ మీద పనిచేయవు, పైగా దాన్ని పెంచుతాయి. డాక్టర్ దగ్గర సన్నటి పైపుతో పీల్చి చెవి శుభ్రం చేయించుకుని, క్లోట్రిమజోల్ లాంటి ఫంగస్ చుక్కలు డాక్టర్ చెప్పినన్ని రోజులు, మామూలుగా రెండు మూడు వారాలు, వేసుకోవాలి. నాలుగో రోజుకే దురద తగ్గిందని మానేస్తే మళ్ళీ వస్తుంది. సీసాను కాసేపు అరచేతిలో పట్టుకుని వెచ్చబరచి వేసుకోండి, చల్లటి చుక్కలు పడితే తల తిరుగుతుంది.

గులిమి మురికి కాదు. చెవి చర్మాన్ని కాపాడేది అదే, తనంతట తానే బయటికి వస్తుంది కూడా. బడ్ పెడితే కాస్త దూదికి అంటుకుని మిగతాదంతా లోపలికి దిగి బిగుసుకుంటుంది. బస్టాండ్ల దగ్గర చెవులు శుభ్రం చేసే వాళ్ళకి మీ చెవి అప్పగించకండి. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం కూడా ఆపేయాలి. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో తెలియకుండా ఏదీ పోయకూడదు.

షుగర్ ఉన్నవాళ్ళకి ఒక మాట గట్టిగా చెప్పాలి. రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వనంత చెవి నొప్పి, దవడ కదిపితే పోటు, మూతి ఒక పక్కకి వంకర పోవడం ఉంటే ఇన్ఫెక్షన్ ఎముకకి పాకి ఉండొచ్చు. అలాగే 2021లో కోవిడ్ తర్వాత ఎంతోమందిని బాధపెట్టిన బ్లాక్ ఫంగస్, షుగర్ అదుపులో లేని వాళ్ళకి ఇప్పటికీ వస్తుంది. ఒక పక్క ముఖం నొప్పి, ముక్కులో నల్లటి పొక్కు, కంటి వాపు, వస్తువు రెండుగా కనిపించడం దాని గుర్తులు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

పసిపిల్లల విషయంలో పెద్దవాళ్ళతో కాస్త ఓపిగ్గా మాట్లాడాల్సి వస్తుంది. తలంటి పోశాక బిడ్డ చెవిలో, ముక్కులో నూనె చుక్కలు వేయడం ప్రేమతో చేసే పనే. కానీ ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేగలదు. సాంబ్రాణి పొగ బిడ్డ ముక్కుకి, ఊపిరికి మంచిది కాదు. పడుకోబెట్టి సీసాతో పాలు పట్టొద్దు. పిల్లల్లో ముక్కు వెనక నుంచి చెవికి వెళ్ళే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది, పాలైనా, జలుబైనా సులువుగా చెవికి పాకుతుంది. ముక్కులో ఒక్క పక్కనుంచే దుర్వాసనతో చీమిడి వస్తుంటే లోపల బఠాణీ గింజో, స్పాంజి ముక్కో ఉందని అనుమానించాలి. బొమ్మల్లో ఉండే చిన్న బటన్ సెల్ అయితే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. నీళ్ళు, నూనె ఏమీ వేయకుండా అత్యవసర విభాగానికి పరుగెత్తండి.

వాన పడ్డ రాత్రి లైట్ల చుట్టూ ఉసిళ్ళు మూగుతాయి. పురుగు చెవిలో దూరితే పుల్ల పెట్టి తీయబోకండి. చెవికి చిల్లు లేదని ముందే తెలిస్తే గోరువెచ్చని కొబ్బరినూనె కొద్దిగా పోయండి, పురుగు చచ్చి కదలడం ఆగుతుంది. తర్వాత డాక్టర్ తీస్తారు.

ముక్కు అలర్జీ ఏటా ఇదే కాలంలో వచ్చేవాళ్ళు స్టెరాయిడ్ స్ప్రేని రెండు వారాలు ముందే మొదలుపెట్టవచ్చేమో డాక్టర్‌ని అడగండి. స్టెరాయిడ్ అనగానే భయపడతారు. ముక్కులో కొట్టే స్ప్రే మోతాదు చాలా తక్కువ, ఒంటికి చేరేది ఇంకా తక్కువ, దాని పని తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది. కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో, కంటి బయటి మూల వైపు గురిపెట్టి కొట్టండి. మధ్య గోడకి తగిలితే రక్తం వస్తుంది. నిజంగా భయపడాల్సింది దిబ్బడకి వేసే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కల గురించి. క్షణాల్లో ముక్కు తెరుచుకుంటుంది కాబట్టి అలవాటైపోతాయి. అయిదు రోజులు దాటి వాడితే చుక్కలు లేకుండా ముక్కే తెరుచుకోని స్థితి వస్తుంది.

ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకండి. ముందుకి వంగి కూర్చుని, ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. అప్పటికీ ఆగకపోతే ఆస్పత్రి.

వినికిడి యంత్రం వాడే పెద్దలున్న ఇంట్లో తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బా ఒకటి కొనిపెట్టండి, రాత్రి బ్యాటరీ మూత తెరిచి అందులో ఉంచాలి. నిద్ర లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే గులిమి అనుకుని రోజులు గడపకండి. లోపలి చెవి దెబ్బతిన్నదైతే మందు ఎంత త్వరగా పడితే అంత మేలు, వీలైతే అదే రోజు చూపించాలి. వెళ్ళేటప్పుడు అప్పటిదాకా వేసుకున్న చుక్కల సీసాలన్నీ, పాత చీటీలతో సహా, వెంట తీసుకెళ్ళండి.