ఎవరికి ఏ అడవి: ఆఫ్రికా సఫారీని ఎంచుకునే పద్ధతి

స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణం. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకూ, హైదరాబాదులో మనం రోజూ వినే ‘సఫర్’కూ పుట్టిల్లు ఒకటే. ఈ సంగతిని ముందుగా గుర్తు చేయడానికి కారణం ఉంది. ఆఫ్రికా వెళ్లాలనుకునేవారిలో చాలామంది ఏయే జంతువులు కనిపిస్తాయన్న జాబితాతో ఆలోచన మొదలుపెడతారు గాని, రోజుకు ఆరేడు గంటలు కుదుపుల బండిలో తమలో ఎవరు కూర్చోగలరన్న ప్రశ్న వేసుకోరు. సింహాలు, ఏనుగులు, అడవిదున్నలు తూర్పు ఆఫ్రికాలోనూ దక్షిణాన ఉన్న దేశాలలోనూ అనేక పెద్ద అభయారణ్యాలలో కనిపిస్తాయి. తేడా అంతా ప్రయాణం తీరులోనే ఉంటుంది. అందువల్ల బృందంలో అందరికంటే ఓపిక తక్కువ ఉన్న మనిషి ఎవరో తేల్చుకుని, ఆ మనిషికి తగిన అడవిని ఎంచుకోవాలన్నది నా సూచన.

ఆ తరువాత చూడవలసినది సెలవులు. తెలుగు రాష్ట్రాలలో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ దాకా సాగుతాయి. మార్చి నుంచి మే దాకా, అంటే ఆ సెలవులు మొదలయ్యే కాలంలోనూ, కెన్యా, టాంజానియాలలో పెద్ద వానలు కురుస్తాయి. కెన్యాలోని మసాయి మారా అభయారణ్యంలో చాలా భాగం మన నల్లరేగడి వంటి నేల కావడంతో వాన పడితే బండ్లు కూరుకుపోతాయి, గడ్డి ఏపుగా పెరిగి జంతువులను దాచేస్తుంది, కొన్ని క్యాంపులను మూసివేస్తారు. అదే మే నెలలో దక్షిణాఫ్రికా, నమీబియాలలో వానలు వెనకపట్టి, చెట్లు ఆకులు రాల్చడం మొదలవుతుంది. వానలు లేని ఆ కాలం ముదిరేకొద్దీ జంతువులు నీటిగుంటల దగ్గరికి చేరతాయి గనుక వేసవి సెలవులలోనే వెళ్లక తప్పని కుటుంబాలు దక్షిణం వైపు చూడటం మంచిది. అక్కడ అది చలికాలం కాబట్టి తెల్లవారుజామున స్వెటరు, మంకీ క్యాపు తప్పనిసరి.

వైల్డ్‌బీస్ట్‌లు అనే పెద్ద జింక జాతి జంతువుల మహావలసను చూడాలన్న కోరిక ఉన్నవారికి దసరా సెలవులు కలిసివస్తాయి. పది లక్షలకు మించిన వైల్డ్‌బీస్ట్‌లు, లక్షల చారలగుర్రాలు గడ్డిని వెతుక్కుంటూ ఏడాది పొడవునా టాంజానియాలోని సెరెంగెటి, కెన్యాలోని మారాల మధ్య తిరుగుతూ ఉంటాయి. మొసళ్లున్న మారా నదిని అవి దాటే కాలం సుమారుగా జులై నుంచి అక్టోబరు దాకా. ఫలానా రోజున దాటతాయని ఎవరూ మాట ఇవ్వలేరు. ఒడ్డున గంటల తరబడి గుమిగూడిన మంద ఒక్కసారిగా వెనుదిరిగి పోవచ్చు. కాబట్టి ఈ దృశ్యం కోసం వెళ్లేవారు నదికి దగ్గరలో కనీసం మూడు నాలుగు రాత్రులు ఉండాలి. ఒక్క రాత్రి బస చూపించే ప్యాకేజీని నేను ఎవరికీ సిఫారసు చేయను. సంక్రాంతి దాటిన తరువాత, ముఖ్యంగా ఫిబ్రవరిలో, అదే మంద దక్షిణ సెరెంగెటి అంచున ఉన్న ఎన్‌డుటు మైదానాలలో ఈనుతుంది. పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి నిలబడే దూడలనూ, వాటి కోసం పొంచి ఉండే చీతాలనూ, దుమ్ములగొండులనూ చూడగలిగే ఆ కాలం నదీ దృశ్యానికి ఏ మాత్రం తీసిపోదు.

పెద్దవారితో వెళ్లేవారికి అసలు కష్టం అడవిలో కంటే అడవికి చేరే దారిలో ఎక్కువ. నైరోబీ నుంచి మసాయి మారాకు రోడ్డు మీద ఐదారు గంటలు పడుతుంది. నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో ముప్పావు గంట చాలు. ఖర్చు తగ్గించవలసి వస్తే ఒక రోజు బస తగ్గించుకోవాలి గాని, నడుము నొప్పి ఉన్నవారికి ఈ విమానం టికెట్టును మానుకోకూడదు. సఫారీ బండ్లు ఎత్తుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు ఎక్కడం కంటే దిగడమే కష్టమైంది. బండిలో చిన్న పీట ఉంచమని ముందే అడిగి ఉంటే ఆమెకు ఆ బాధ తప్పేది. చక్కెర వ్యాధి ఉన్నవారు ఉదయం ఆరింటికి బయలుదేరి పదింటి దాకా తిరిగి రాని పద్ధతిని దృష్టిలో పెట్టుకుని, మందుల వేళలకు తగినట్లు తినడానికి ఏదైనా వెంట ఉంచుకోవాలి. మధ్యలో దిగవలసిన అవసరం వస్తే మొహమాటపడకుండా గైడుకు చెప్పాలి. జంతువులు లేని చోటు చూసి ఆపడం వారికి అలవాటే.

పెద్దవారికి నాకు బాగా నచ్చిన చోటు కెన్యాలోని అంబోసెలి. బల్లపరుపు నేల, చిత్తడిలో మునిగి మేసే ఏనుగుల గుంపులు, వాటి వెనుక 5,895 మీటర్ల కిలిమంజారో శిఖరం కనిపించే ఆ చోట జంతువుల కోసం ఎక్కువ దూరం తిరగవలసిన పని ఉండదు. మబ్బులు కమ్మకముందే, పొద్దున్నే వెళ్లాలి. టాంజానియాలోని ఎన్గోరోంగోరో కూడా అటువంటిదే. సుమారు 600 మీటర్ల లోతు, 260 చదరపు కిలోమీటర్ల వైశాల్యం ఉన్న ఆ అగ్నిపర్వత బిలంలో ఒక్క పగటిలోనే ఎన్నో జంతువులు కనిపిస్తాయి. అయితే బస చేసే అంచు ఎత్తైన చోటు కావడంతో రాత్రి చలి గట్టిగా ఉంటుంది. శాకాహారులు దిగులు పడనక్కరలేదు. తరతరాలుగా స్థిరపడిన గుజరాతీల వల్ల తూర్పు ఆఫ్రికాలో పప్పు, కూర, చపాతీ అందరికీ తెలిసిన వంటలే; లోపలి క్యాంపులకు మాత్రం బుకింగు సమయంలోనే చెప్పాలి.

చిన్న పిల్లలున్న కుటుంబాలు మలేరియా లేని అడవులను వెతకాలి. దక్షిణాఫ్రికాలో జోహానెస్‌బర్గ్‌కు రెండు మూడు గంటల దూరంలోని పిలనెస్‌బర్గ్, బోట్స్‌వానా సరిహద్దున ఉన్న మాడిక్వే, తూర్పు కేప్‌లోని ఆడో ఏనుగుల పార్కు అటువంటివి. 1931లో ఆడోను ఏర్పాటు చేసే నాటికి అక్కడ మిగిలిన ఏనుగులు పదకొండే. ఇప్పుడు ఆరు వందలకు పైగా ఉన్నాయి. పిల్లలకు చెప్పదగిన కథ అది. పైకప్పు లేని బండ్లలో ఆరేళ్ల లోపు పిల్లలను చాలా లాడ్జీలు ఎక్కనివ్వవు కాబట్టి వయసు నియమం తెలుసుకున్నాకే డబ్బు కట్టాలి.

స్వయంగా బండి నడపాలనుకునే స్నేహబృందాలకు దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కు తగినది. దక్షిణాఫ్రికాలో మనలాగే ఎడమ వైపున నడుపుతారు. మన రవాణా కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లాలి. పార్కులో తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగాన్ని మించకూడదు. చీకటి పడకముందే కంచె ఉన్న విశ్రాంతి శిబిరానికి చేరాలి. అనుమతి ఉన్న చోట తప్ప బండి దిగకూడదు. నమీబియాలోని ఎటోషాలో ఒకౌకుయేజో శిబిరపు నీటిగుంట చుట్టూ రాత్రంతా దీపాలు వెలుగుతాయి. బల్ల మీద కూర్చుని నల్ల ఖడ్గమృగాల కోసం ఎదురుచూడవచ్చు. ఆ దేశపు కంకర రోడ్ల మీద అతివేగం వల్ల బండ్లు పల్టీ కొడతాయి గనుక నిదానంగా నడపగలిగినవారే అటు వెళ్లాలి.

ఫొటోలు తీసేవారు కుటుంబంతో ఒకే బండిలో వెళ్లకపోవడం ఇద్దరికీ క్షేమం. ఒక చిరుత చెట్టు దిగే దాకా రెండు గంటలు కాచుకోవాలని ఒకరికి, ముందుకు సాగాలని మరొకరికి ఉంటుంది. క్రూగర్‌ను ఆనుకుని ఉన్న సాబి శాండ్ వంటి ప్రైవేటు అరణ్యాలలో దారి విడిచి లోపలికి వెళ్లడానికీ, రాత్రి పూట తిరగడానికీ వీలుంటుంది. జాతీయ పార్కులలో ఆ స్వేచ్ఛ తక్కువ.

నడవగలిగినవారికి జాంబియాలోని దక్షిణ లువాంగ్వా ఉంది. తుపాకీ పట్టిన రక్షకుడి వెనుక, ఒకరి అడుగులో ఒకరు అడుగు వేస్తూ నడిచే ఆ సఫారీలో కనిపించే జంతువులు తక్కువే గాని, అడుగుజాడలు, పేడ, పక్షి కూత కూడా అర్థం కావడం మొదలవుతుంది. కొండ గొరిల్లాల దర్శనానికి ఉగాండాలో పర్మిట్ 800 డాలర్లు, రువాండాలో 1,500 డాలర్లు. రెండు చోట్లా పదిహేనేళ్లు నిండాలి, గొరిల్లాల దగ్గర ఒక్క గంట మాత్రమే ఉండనిస్తారు, జలుబు, దగ్గు ఉంటే పంపరు. ఉగాండా చవక అనిపించినా ఎంటెబె విమానాశ్రయం నుంచి బ్విండి అడవికి రోడ్డు మీద పగలంతా పడుతుంది. రాజధాని కిగాలీ నుంచి రువాండా కొండలకు రెండు మూడు గంటలే.

కొత్త జంటలు, నిశ్శబ్దం కోరుకునేవారు బోట్స్‌వానాలోని ఒకావాంగో డెల్టాలో మొకోరో అనే సన్నని పడవలలో తిరగవచ్చు. అంగోలాలో కురిసిన వానల నీరు నెలల తరువాత, జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడికి చేరుతుంది. చిన్న విమానాలలోనే వెళ్లాలి కాబట్టి ఖర్చు ఎక్కువ. సామాను పదిహేను, ఇరవై కిలోల మెత్తని సంచికే పరిమితం.

ఏ దేశమైనా, ధరను పోల్చే ముందు పార్కు రుసుము కలిపారో లేదో అడగాలి. మసాయి మారాలో విదేశీయులకు జులై నుంచి డిసెంబరు దాకా రోజుకు 200 డాలర్లు, మిగతా నెలల్లో 100 డాలర్లు. బండిలో ఎంతమంది ఉంటారు, అందరికీ కిటికీ సీటు వస్తుందా, రోజుకు ఎన్ని గంటలు రోడ్డు మీదే గడుస్తాయి అన్నవి కూడా రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్ ముప్పున్న కెన్యా, ఉగాండా వంటి దేశాల నుంచి భారత్‌కు తిరిగి వచ్చేవారి దగ్గర ఆ జ్వరానికి టీకా వేయించుకున్న ధ్రువపత్రం లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, పత్రం జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవారికీ, గర్భిణులకూ, గుడ్డు పడనివారికీ ఈ టీకా సరిపడకపోవచ్చు కాబట్టి విమానం టికెట్టు కొనే ముందే వైద్యుణ్ని అడగాలి. వద్దని వైద్యుడు చెబితే, అదే ముప్పున్న దేశాలలోని నైరోబీ, అడిస్ అబాబాల మీదుగా కాకుండా దుబాయ్ లేదా దోహా మీదుగా దక్షిణాఫ్రికాకు వెళ్లే ప్రయాణాన్ని ఎంచుకోవాలి.