రాక్ పాటలకు క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ ఎలా ఎంచుకోవాలి?

"ఇంత డబ్బు పోసి కొన్నానండీ, బేస్ అసలు లేదు" అనేవాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. తీసుకుని చూస్తే హెడ్‌ఫోన్స్‌కి ఏ రోగమూ ఉండదు. వాళ్ళ కళ్ళజోడు కాడ ఇయర్ ప్యాడ్‌ని ఎత్తి పట్టుకుని ఉంటుంది, అంతే. కొనేటప్పుడు ఎవరూ చూడనిది ఇదే కాబట్టి ఎక్కువసేపు దాని గురించే చెబుతాను. మిగతావి చకచకా కానిచ్చేద్దాం.

కప్పుల వెనక జాలీ ఉంటే ఓపెన్ బ్యాక్, మూసేసి ఉంటే క్లోజ్డ్ బ్యాక్. ఓపెన్ బ్యాక్‌లో పాట విశాలంగా వినిపిస్తుందన్న మాట నిజమే. కానీ మే నెలలో బెజవాడలో ఫ్యాను ఐదులో పెట్టుకుని, కిటికీ అవతల ఏలూరు రోడ్డు హారన్లు మోగుతుంటే, ఓపెన్ బ్యాక్ వాళ్ళు పాట కన్నా ఫ్యానే ఎక్కువ వింటారు. పక్క గదిలో పడుకున్న నాన్నగారికి డ్రమ్స్ అదనం.

1. వైరు ఉన్నదే తీసుకోండి

బ్లూటూత్ వద్దు. బ్యాటరీ చచ్చిన రోజున చాలావాటి కథ ముగిసినట్టే. వైరు ఊడదీసి మార్చుకునే వీలుంటే మరీ మంచిది. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్‌కి ఆ వీలుంది. సోనీ ఎండీఆర్-7506కి లేదు.

2. ఓమ్‌లు చూడండి

ఓమ్‌లంటే హెడ్‌ఫోన్స్ కరెంటుకి చూపే అడ్డు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోలో 32, 80, 250 ఓమ్‌ల రకాలున్నాయి. 250ది ఆంప్లిఫయర్ ఉన్నవాళ్ళకి. ఫోన్‌కి తగిలిస్తే సౌండు చాలదు. ఎం50ఎక్స్ 38, సోనీది 63 ఓమ్‌లు. రెండూ ఫోన్‌తో నడుస్తాయి. డబ్బా మీద వేసే పెద్ద పెద్ద హెర్ట్జ్ (స్వరం స్థాయికి కొలత) అంకెలు వదిలేయండి. మన చెవికి అందేది 20 నుంచి 20,000 దాకానే, అదీ వయసుతో తగ్గుతుంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. డ్రైవర్, అంటే కప్పులో ఉండే బుల్లి స్పీకరు, పెద్దదైతే బేస్ ఎక్కువన్నదీ నమ్మకండి.

3. మీ పాటలు మీరే తీసుకెళ్ళండి

షాపులో కుర్రాడు డీజే పాట పెడతాడు. దాంతో ఏ హెడ్‌ఫోన్స్ అయినా అదరగొడతాయి. బేస్ గిటార్ విడిగా వినిపించే పాట ఒకటి, కుడి ఎడమల్లో వేర్వేరు గిటార్లు మోగేది ఒకటి, సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు వాయించే ఇత్తడి పళ్ళేలు) చెవులు గీరే పాత లైవ్ రికార్డింగ్ ఒకటి ఫోన్‌లో వేసుకోండి. మూడోది తప్పనిసరి. రాక్ వినేవాళ్ళ దగ్గరుండే పాటల్లో అలాంటివి బోలెడు.

4. ప్యాడ్ పట్టు

క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ నిలబడేది ప్యాడ్‌కీ చర్మానికీ మధ్య గాలి పోకుండా ఉంటేనే. ఎక్కడ కాస్త సందున్నా కింది స్వరాలు అందులోంచి జారిపోతాయి. గొంతూ గిటార్లూ మాత్రం అలాగే ఉంటాయి. దాంతో పాట పీలగా, చిరచిరలాడుతూ వినిపిస్తుంది. మనం మాత్రం కంపెనీని తిట్టుకుంటాం.

సందు ఎక్కువగా పడేది రెండు చోట్ల: కళ్ళజోడు కాడ దగ్గర, చెవి తమ్మె కింద దవడ వెనకుండే గుంట దగ్గర. చెవి మొత్తం కప్పులో మునిగేలా సర్దుకుని బేస్ గిటార్ పాట పెట్టండి. రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లగా, మెల్లగానే, లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందా? అయితే అంతకుముందు పట్టు లేదన్నమాట. గట్టిగా అదిమితే ఏ హెడ్‌ఫోన్స్‌లోనైనా సౌండు మారుతుంది, అది లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఇదే పరీక్ష తిరగేసి చేయండి. చిటికెన వేలు తమ్మె కింద ప్యాడ్ లోపలికి దూర్చండి. బేస్ ఢామ్మని పడిపోవాలి. పడలేదంటే ముందు నుంచే గాలి పోతోంది, ఆ మోడల్ మీ తలకి కాదు. కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి ఇదే చేయండి. పెద్ద కమ్మలు, చెవుల మీదుగా దువ్విన ఒత్తయిన జుట్టు ఉన్నా ఇంతే. తల ఊపండి, ఏదో నములుతున్నట్టు దవడ ఆడించండి. రాక్ వింటూ తల ఊపకుండా ఎవరుంటారు?

అరగంటైనా పెట్టుకుని కూర్చోండి. షాపువాళ్ళు మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి. బిగుతుగా పట్టేవి మొదట బేస్ బ్రహ్మాండంగా ఇస్తాయి, కాసేపటికి కణతలు సలుపుతాయి. షాపులో ఏసీ ఉంటుందనీ మరిచిపోకండి. తోలు లాంటి ప్యాడ్‌లకు పట్టు ఎక్కువే గానీ, మన ఉక్కకీ చెమటకీ పై పొర పొలుసులుగా రాలి మెడకి అంటుకుంటుంది. డీటీ 770లో కొన్ని రకాలకి వచ్చే మఖమల్ లాంటి ప్యాడ్‌లు హాయిగా ఉంటాయి, బయటి చప్పుడు కాస్త ఎక్కువ వస్తుంది. గుంటూరు, బెజవాడ వాళ్ళు గుడ్డ ప్యాడ్‌లే కొనాలి. తర్వాత మార్చుకుందాంలే అనుకోవద్దు, ప్యాడ్ మారితే సౌండే మారిపోతుంది.

ఏ స్వరం ఎంత గట్టిగా మోగుతుందో చూపే గ్రాఫులు చూసి కొనే పండితులతో నాకు పేచీ ఇక్కడే. ఆ గ్రాఫు తీసేది కొలత కోసం చేసిన కృత్రిమ చెవి మీద. దానికి కళ్ళజోడు ఉండదు, చెమటా పట్టదు.

5. సౌండు సమానం చేసి పోల్చండి

కాస్త గట్టిగా మోగేదే మన చెవికి బాగుందనిపిస్తుంది. ఒకే వాల్యూమ్‌లో పెట్టినా ఒక్కో మోడల్ ఒక్కోలా మోగుతుంది. అందుకే గాయకుడి గొంతు రెండింట్లోనూ ఒకే ఎత్తున వచ్చేదాకా వాల్యూమ్ సర్ది, అప్పుడు పోల్చండి. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), బేస్ గిటార్ కలిసి ముద్దవుతున్నాయా? స్నేర్ (కర్రలతో కొట్టే చురుకైన చిన్న డ్రమ్) దెబ్బ డబ్బా కొట్టినట్టుందా? గరగరలాడే డిస్టార్షన్ గిటార్ రెండు పాటలకే విసుగు పుట్టిస్తోందా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా పక్కన పెట్టేయండి. అలవాటైతే బాగుంటుందనే మాట వినకండి. వాడకంలో ప్యాడ్ మెత్తబడుతుంది గానీ స్నేర్ బాగుపడదు.

డెమో పీసు లేదంటే, వాపసు తీసుకునే చోటే ఆన్‌లైన్‌లో కొనండి. వచ్చిన రోజే కళ్ళజోడు పెట్టుకుని నాలుగో మెట్టు మొత్తం చేయండి. గడువు దాటేదాకా డబ్బా, బిల్లు, లోపలి కవర్లు ఏవీ పారేయకండి.