గ్యారేజీలో మొక్కల గది: ఆకు వాడితే ముందు ఫ్రేము చూడండి

గ్యారేజీలో ఒక మూల చెక్క ఫ్రేము నిలబెట్టి, నాలుగు వైపులా మూసి, లోపల లైట్లు బిగించి ఆకుకూరలో టమాటా నారో పెంచేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. మొక్క కాస్త తేడాగా కనిపిస్తే చాలు, చెయ్యి ఎరువు డబ్బా మీదికి పోతుంది. నాదీ అదే అలవాటు. నా మొదటి గదిలో బూజు వాసన మొదలైనప్పుడు రెండు వారాలు ఆకుల మీద మందు కొట్టాను. ఒక రోజు ఏదో స్క్రూ బిగిద్దామని వంగి, గోడ అడుగున పరిచిన చెక్క పట్టీ మీద స్క్రూడ్రైవర్ ఆనిస్తే, అది తడి మట్టిలో దిగినట్టు అంగుళం లోపలికి దిగిపోయింది. లోపల చెక్క మొత్తం కుళ్లింది, పైన రంగు మాత్రం నిన్న వేసినట్టే ఉంది.

ఆ రోజు కూర్చుని ఒక లెక్క వేశాను. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 2.4 మీటర్లున్న గదిలో దాదాపు 14 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర ఆ గాలంతా కలిసి మోయగలిగే నీటి ఆవిరి 320 గ్రాములకు మించదు. అంటే ఒక పెద్ద గ్లాసుడు. మొక్కలకు రోజుకు 10 లీటర్లు పోస్తే అందులో మొక్క ఒంట్లో మిగిలేది బహు కొద్ది. తక్కినదంతా ఆకుల్లోంచి, మట్టిలోంచి గాలిలోకే వస్తుంది. గ్లాసుడు పట్టే చోటికి రోజూ బకెట్ వస్తోందన్నమాట. మనం దారి చూపించకపోతే అది గోడలో దారి వెతుక్కుంటుంది. కింద రాసిన సమస్యల్లో చాలావాటికి మూలం ఈ బకెట్టే.

బూజు వాసన వస్తోంది, గోడ చూస్తే శుభ్రంగా ఉంది

నేల దగ్గర ఒక మూల గోడకు కొట్టిన షీటు విప్పి, లోపల నింపిన ఇన్సులేషన్‌ను (వేడిని, చలిని ఆపే పొరను) చేత్తో నొక్కండి. చల్లగా, బరువుగా, తడిగా తగిలితే దోషం దొరికినట్టే. గదిలోని తేమ గాలి స్విచ్ బాక్సుల చుట్టూ, షీట్ల అతుకుల మధ్య ఉన్న సందుల్లోంచి గోడలోకి దూరుతుంది. బయటివైపు చెక్కో రేకో చల్లగా ఉంటే అక్కడ నీరైపోతుంది. 25 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలి 17 డిగ్రీల కంటే చల్లనిది ఏది తగిలినా దాని మీద చెమర్చుతుంది. రాత్రిపూట చల్లబడే గ్యారేజీలో 17 పెద్ద విషయం కాదు.

గది లోపలివైపు, షీటుకు వెనకాల, 150 మైక్రాన్ల పాలిథీన్ పరచాలి. అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి 15 సెంటీమీటర్లు ఎక్కించి టేపు వేయాలి. వైరు దూరిన ప్రతి రంధ్రాన్నీ సీలెంట్‌తో మూయాలి. పాలిథీన్ ఎంత మందమన్నది తర్వాతి సంగతి, ముందు సందులు మూశామా లేదా అన్నదే చూడాలి. చిటికెన వేలు పట్టే రంధ్రం ఒక్కటి వదిలేసినా గాలితో పాటు బోలెడు తేమ గోడలోకి వెళ్తుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు మామూలుగా జరుగుతాయి. మొదటిది, ఎందుకైనా మంచిదని రెండువైపులా పాలిథీన్ వేయడం. అలా చేస్తే లోపల చిక్కిన తడికి బయటపడే మార్గం ఉండదు. రెండోది, అన్ని చోట్లా ఇదే పద్ధతి అనుకోవడం. బయట ఉడుకూ ఉక్కా ఉండి, గదిలో ఏసీ నడుస్తుంటే వ్యవహారం తిరగబడుతుంది. అప్పుడు బయటి తేమ లోపలికి వచ్చి, పాలిథీన్ వెనకవైపు నీరవుతుంది. అలాంటి చోట నీరు పీల్చని గట్టి ఫోమ్ బోర్డును నిలువు చెక్కల మధ్య పెట్టి, అంచులు సీల్ చేయడం నయం. ఫోమ్ తొందరగా అంటుకునే సరుకు కాబట్టి దాన్ని ఎప్పుడూ బయటికి కనిపించేలా వదలకండి, మీద బోర్డు కప్పాల్సిందే.

జిప్సం బోర్డు వాడి ఉంటే దాన్ని తీసేయడమే మంచిది. బూజుకు దాని మీది కాగితమే మేత. లోపలి ముఖానికి పీవీసీ ప్యానెళ్లో సిమెంట్ బోర్డో బిగిస్తే తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. ఇప్పటికే తడిసిన గోడను మాత్రం విప్పి, ఫ్యాను పెట్టి, పూర్తిగా ఆరాకే మూయాలి. పైన రంగు బాగున్నా లోపల చెక్క ఎలా కుళ్లుతుందో మొదట్లోనే చెప్పాను కదా.

నేల మీది పట్టీ నల్లబడుతోంది

కాంక్రీటు చూడటానికి రాయిలా ఉన్నా స్పాంజిలా కింది చెమ్మను పైకి లాగుతుంది. మీ నేల సంగతి తెలుసుకోవడానికి 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటు చాలు. నాలుగు అంచులూ టేపుతో నేలకు అంటించి, కనీసం 16 గంటలు వదిలేసి ఎత్తి చూడండి. కింద నీటి బొట్లు ఉన్నా, కాంక్రీటు ముదురు రంగుకు మారినా చెమ్మ కింది నుంచి వస్తోందని లెక్క. ఏమీ లేకపోతే పైనుంచి కారిన నీళ్లే పట్టీ కింద నిలుస్తున్నాయి.

ఎటు నుంచి వచ్చినా ఆ పట్టీని మార్చాలి. నేలను తాకే చెక్క ఏదైనా మందు పట్టించిన ట్రీటెడ్ చెక్కే అయ్యుండాలి. దాని కింద సన్నటి ఫోమ్ పట్టీ పరవాలి. ఆ మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, అది మామూలు ఇనప మేకుల్ని తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు గానీ మందంగా జింకు పూత పట్టినవి గానీ వాడండి. నేలకు రంధ్రాలు వేసే ముందు ఒక్క విషయం కనుక్కోండి. కొన్ని స్లాబుల్లో లాగి బిగించిన ఉక్కు తీగలు ఉంటాయి, డ్రిల్లు వాటికి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి స్లాబైతే డ్రిల్లు జోలికి పోకుండా పట్టీని జిగురుతో అంటించడం గురించి ఆలోచించాలి.

తలుపు దానంతటదే తెరుచుకుంటోంది, లేదా కింద ఒకవైపు సందు

నీళ్లు బయటికి పోవాలని గ్యారేజీ నేలను పెద్ద తలుపు వైపు వాటంగా పోస్తారు. మీటరుకు ఒక సెంటీమీటరు వాటం మామూలే. అంటే 2.4 మీటర్ల గోడకు ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు రెండున్నర సెంటీమీటర్ల తేడా. ఇది చూసుకోకుండా నిలువు చెక్కలన్నీ ఒకే కొలతకు కోసేస్తే వాటి తలల మీద పరిచే పై పట్టీ కూడా నేలతో పాటే వాలుతుంది. దానికి తలుపు బిగిస్తే అది బరువును బట్టి ఎటో ఒకవైపు జారుతుంది.

ఇప్పటికే కట్టేసిన గదైతే గోడ విప్పక్కర్లేదు. ద్వారబంధాన్ని ఒక్కదాన్నే వదులు చేసి, దారానికి గుండు కట్టి వేలాడదీసి, బందుల వైపు నిలువు చెక్కను రెండు దిక్కులా నిటారుగా సరిచేయండి. సందుల్లో చెక్క పేళ్లు దోపి మళ్లీ బిగించండి. తలుపు అడుగును నేల వాటానికి తగ్గట్టు కోసి, కింద రబ్బరు పట్టీ వేయండి. నేలను చూసి బిగించిన తలుపు ఎప్పటికీ కుదరదు, గుండు చెప్పిందే వినాలి.

కొత్తగా కట్టేవాళ్లు రసమట్టం పెట్టి పై పట్టీ గీత గీసుకుని, ఒక్కో చెక్కకు దాని చోటనే కొలత తీసుకుని కోయాలి. ఇంకో సంగతి, గోడను నేల మీద పడుకోబెట్టి కట్టి ఎత్తేటప్పుడు దాని మూల సీలింగుకు తగులుతుంది. ఎత్తులో ఆరేడు మిల్లీమీటర్లు తగ్గించి కట్టి, మిగిలిన సందును పేళ్లతో నింపుకుంటే సుత్తి దెబ్బలు తప్పుతాయి. నిలువు చెక్కల మధ్య దూరం మధ్య నుంచి మధ్యకు 16 లేదా 24 అంగుళాలు పెట్టుకుంటే 4 అడుగుల షీటు అంచు సరిగ్గా చెక్క మీదే వచ్చి వాలుతుంది.

ఫ్యాను వేయగానే గోడ ప్లాస్టిక్ లోపలికి ఉబ్బుతోంది, తలుపు లాగితే రావడం లేదు

బయటికి తోసే ఫ్యాను బలంగా ఉండి, గాలి లోపలికి వచ్చే దారి ఇరుగ్గా ఉంటే ఇలా అవుతుంది. లోపల కొద్దిగా తక్కువ పీడనం ఉండటం మంచిదే, తేమ గాలి గోడల్లోకి తోసుకుపోదు. తలుపు పీక్కోవాల్సినంత ఉంటేనే అతి. ఫ్యాను గొట్టం వైశాల్యానికి కనీసం రెట్టింపు ఉండేలా గాలి లోపలికి వచ్చే రంధ్రాలు పెట్టండి. తలుపు బయటికి తెరుచుకునేలా ఉంటే పీడనమే దాన్ని చట్రానికి అదిమి పెడుతుంది. లోపలి నుంచి తాళంతో పని లేకుండా తోస్తే తెరుచుకోవాలి, ఇందులో బేరం లేదు.

ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోందన్నది అసలు ప్రశ్న. గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటరో, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసో ఉంటే, ఈ ఫ్యాను గ్యారేజీ గాలిని లాగేసి దాని పొగగొట్టంలోంచి కార్బన్ మోనాక్సైడ్‌ను వెనక్కి రప్పించగలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. కాబట్టి తీసుకునే గాలీ, వదిలే గాలీ రెండూ గొట్టాల ద్వారా ఇంటి బయటి నుంచే నడవాలి. గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాలి. వదిలే గాలిని అటకలోకి పంపితే ఇక్కడి బూజు అక్కడికి చేరుతుంది, అంతే.

మట్టి తడిగానే ఉంది, టమాటా ఆకులు మాత్రం కిందికి వంగాయి

దీన్ని చాలామంది నీళ్లు తక్కువై వాడిందనుకుంటారు. దగ్గరికెళ్లి చూడండి. వాడిన ఆకు మెత్తగా వేలాడుతుంది. ఇక్కడ ఆకు బిర్రుగానే ఉంటుంది, ఆకు కాడ పైభాగం మాత్రం ఉబ్బి కాడ మొత్తం కిందికి ఒరిగి ఉంటుంది. నీళ్లు మరీ ఎక్కువై వేళ్లకు గాలి ఆడకపోయినా ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు కుండీ అడుగు రంధ్రాలు చూడండి. అవి బాగుంటే, కారు ఎప్పుడు స్టార్ట్ చేశారో గుర్తు చేసుకోండి. ఇంజిను పొగలో ఇథిలీన్ ఉంటుంది. టమాటాకు అది లేశమాత్రం తగిలినా చాలు, ఆకులు వంచి పూత రాల్చేస్తుంది. 1901లో రష్యా శాస్త్రవేత్త నెల్యుబోవ్ తన ప్రయోగశాలలో బఠానీ మొలకలు వంకరగా ఎందుకు పెరుగుతున్నాయని ఆరా తీస్తే, దీపాల గ్యాసులోని ఇథిలీన్ బయటపడింది. వందేళ్లు దాటినా గ్యారేజీ మొక్కలకు అదే కథ. గాలి గొట్టాన్ని బయటికి మార్చి, కారు వైపు గోడ అతుకులు సీల్ చేస్తే కొత్త ఆకులు మామూలుగా వస్తాయి.

టమాటా ఆకుల అడుగున ఊదా రంగు, ఎదుగుదల లేదు

భాస్వరం లోపం లక్షణమే ఇది. మట్టిలో భాస్వరం ఉండి కూడా వేళ్లు చల్లబడితే మొక్క దాన్ని తీసుకోలేదు. కుండీ అడుగున అరచెయ్యి పెట్టి చూడండి. పైన లైటు కింద 25 డిగ్రీలుంటే, కాంక్రీటు మీద కుండీ ఐస్‌లా తగులుతుంది. నేల మీద ఫోమ్ బోర్డు, దాని పైన ప్లైవుడ్ పరిచి ఎత్తు పెంచండి, లేదా కుండీల్ని స్టాండు ఎక్కించండి. ఎరువు డబ్బా తెరవకండి.

ఫ్యాను తిరుగుతున్నా గది కాగిపోతోంది

లైటుకు వెళ్లిన కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మిగులుతుంది. 600 వాట్ల లైట్లంటే 600 వాట్ల హీటరే. బయటి నుంచి తెచ్చే గాలి కంటే గది 5 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే గంటకు 360 ఘనపు మీటర్ల గాలి కదలాలి. ఫ్యాను డబ్బా మీద రాసిన అంకె వంపులు తిరిగిన గొట్టం బిగించాక ఉండదు, కాబట్టి కాస్త పెద్దదే తీసుకోండి. బయటే 36 డిగ్రీలుంటే ఏ ఫ్యానూ దానికంటే చల్లబరచలేదు. అప్పుడు ఏసీ పెట్టాలి, లేదా లైట్లను రాత్రికి మార్చుకోవాలి. నేనైతే రెండోదే చేశాను.

చామంతి ఏపుగా పెరుగుతోంది, మొగ్గ మాత్రం లేదు

చామంతికి పొడవైన, తెంపు లేని చీకటి కావాలి. గ్యారేజీ తలుపు తెరిచినప్పుడల్లా వెలిగే బల్బు షీటు అతుకులోంచి లోపలికి పడితే ఆ రాత్రి లెక్కలోకి రాదు. లైట్లు ఆర్పి, లోపల నిలబడి, తలుపు మూసుకుని ఐదు నిమిషాలు ఆగండి. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక సందులన్నీ గీతల్లా కనిపిస్తాయి. సుద్దతో గుర్తు పెట్టుకుని టేపు వేయండి. తలుపు మూసినప్పుడు ఆనేలా చట్రం చుట్టూ లోపలి అంచున ఒక పట్టీ కొడితే సగం వెలుగు అక్కడే ఆగుతుంది.

బ్రేకర్ పడిపోతోంది

గంటల తరబడి నడిచే లోడు బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతం దాటకూడదు. దాటుతుంటే వేరే లైను లాగించాలి, అది ఎలక్ట్రీషియన్ పని. తడి ఉన్న చోట లీకేజీని పసిగట్టి ఆపే రక్షణ లేకుండా గదిని నడపకండి. మీరు చేసుకోగలిగిందల్లా ప్లగ్గుల్ని నేల మీంచి తీసి గోడకు ఎత్తుగా బిగించడం, వైరు ప్లగ్గులోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిప్పడం. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

చలికాలంలో గోడకూ సీలింగుకూ మధ్య సందు

ఫ్రేము కుంగిందని టెన్షన్ పడాల్సిన పని లేదు. పైకప్పును మోసే చెక్క చట్రాల్లో, అంటే ట్రస్సుల్లో, కింది చెక్క వెచ్చగా, పైచెక్కలు చల్లగా ఉన్నప్పుడు తేమ తేడాకు అవి విల్లులా పైకి వంగుతాయి, ఎండలు వచ్చాక మళ్లీ దిగుతాయి. సందు కనిపించగానే పెద్ద స్క్రూలతో పై పట్టీని ట్రస్సుకు లాగి బిగిస్తే గోడే పగులుతుంది. సందు మీదుగా మెత్తటి రబ్బరు పట్టీ ఒకటి, ఒక అంచు సీలింగుకు మాత్రమే అంటించి, రెండో అంచు గోడ మీద జారేలా వదిలేయండి.