లాడ్జిలో కారు చార్జింగ్: ముందు ఎర్త్ సంగతి అడగండి

నేను శ్రీకాకుళంలో కరెంటు పని చేస్తాను. లాడ్జీలకు, కల్యాణ మండపాలకు వైరింగ్ వేయడం నా వృత్తి. అరసవల్లి దర్శనానికో, పూరీ వెళ్తూనో విద్యుత్ కార్లలో వచ్చి ఇక్కడ రాత్రి ఆగేవారికి కొన్ని విషయాలు చెప్పాలని ఉంది.

గది కోసం ఫోను చేసినప్పుడు "చార్జింగ్ ఉందా?" అని అడిగితే ఉందనే అంటారు. "కారు నిలిపే చోట పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఉందా? దానికి ఎర్త్ ఉందా?" అని అడగండి. రిసెప్షన్‌లో తెలియదంటే వాచ్‌మన్‌కు ఫోను ఇవ్వమనండి. ఏ స్విచ్చు ఎక్కడిదో ఆయనకు తెలుస్తుంది.

కారుతో ఇచ్చే పోర్టబుల్ చార్జర్ ఆ ప్లగ్గు నుంచి గంటకు సుమారు 3 యూనిట్లు తీసుకుంటుంది. 40 యూనిట్ల బ్యాటరీలో 20 శాతం మిగిలి ఉన్నప్పుడు రాత్రి 8 గంటలకు పెడితే ఉదయం 6 గంటలకు 80 శాతం దాటుతుంది. పూరీ దారిలో ఇచ్ఛాపురం దాటడానికి అది చాలు.

అసలు చిక్కంతా ఎర్త్ దగ్గరే. లీకైన కరెంటును నేలలోకి పంపే తీగే ఎర్త్. చార్జర్ పెట్టె మీద ఎర్ర దీపం వెలిగితే కారును అనుమానించే ముందు ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూపించండి. ఎండాకాలంలో ఎర్త్ గుంత (ఆ తీగ నేలలోకి దిగే చోటు) ఎండిపోయినా ఇలాగే అవుతుంది. అలాంటప్పుడు గుంతలో రెండు బిందెల నీళ్లు పోయించి, కాసేపాగి మళ్లీ పెట్టి చూడండి. ప్లగ్గులో ఎర్త్‌ను న్యూట్రల్‌కు, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగకు, కలిపేసి దీపం ఆర్పేవాళ్లున్నారు. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కారు బాడీకి 230 వోల్టుల కరెంటు వస్తుంది. పొద్దున్నే తలుపు తీయబోయేది మీ పిల్లలు కావచ్చు.

ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రాగి కేబులు వాడండి. చుట్ట మొత్తం విప్పి పరచండి, చుట్టగా ఉంచితే వేడెక్కి కరుగుతుంది. అరగంటయ్యాక ప్లగ్గును తాకండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపేయండి. వానాకాలంలో చార్జర్ పెట్టెను నేల మీద వదలకుండా మేకుకు తగిలించండి.

కొందరు కిటికీలోంచి గదిలోని ఏసీ ప్లగ్గుకు వైరు లాగుతారు. భోజనానికి వెళ్తూ గది కార్డు తీశారంటే చార్జింగ్ కూడా ఆగిపోతుంది. కరెంటు పోతే లాడ్జి జనరేటర్ ఈ లోడు మోయలేకపోవచ్చు. "జనరేటర్ వేసే ముందు కారు ప్లగ్గు తీసేయండి" అని వాచ్‌మన్‌కు ముందే చెప్పి పెట్టండి. కరెంటు వచ్చాక కొన్ని చార్జర్లు వాటంతట అవి మొదలుకావు, పడుకునే ముందు ఒకసారి చూసుకోవాలి.

డబ్బు సంగతి దిగగానే మాట్లాడండి. లాడ్జీలకు కరెంటు వ్యాపార రేటులో వస్తుంది, ఇంటి రేటు లెక్కగట్టి ఇవ్వడం న్యాయం కాదు. ఎక్కిన యూనిట్లు కారు తెరపై చూపించి, కొంచెం ఎక్కువే ఇవ్వండి. వైరులో, చార్జర్‌లో పోయే కరెంటు తెరపై కనిపించదు.

రథసప్తమికి మాత్రం లాడ్జి ప్లగ్గును నమ్ముకోకండి. అరసవల్లి చుట్టూ కారు నిలపడానికే చోటు దొరకదు. ఊళ్లోకి రాకముందే హైవే మీద ఫాస్ట్ చార్జర్ దగ్గర నింపుకోండి.