చలి ముదరకముందే కోళ్ల దొడ్డికి చేయాల్సిన పనులు

మాది చింతపల్లి మండలం, లంబసింగికి దగ్గర. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ 5 డిగ్రీల కిందికి దిగడం మామూలే. కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు గడ్డకట్టి కనిపిస్తుంది. టూరిస్టులు ఆ మంచు కోసమే కొండెక్కి వస్తారు. నాకు మాత్రం దీపావళి దాటిందంటే పెరట్లో కోళ్ల గురించే ఆలోచన.

పెద్ద కోడి ఒట్టి చలికి తొందరగా చావదు. దాని ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటే వాటి మధ్య చిక్కుకున్న గాలి ఆ వేడిని పోనివ్వదు. ఈకలు తడిసినా, ఈదురుగాలి వాటిలోకి దూరినా ఆ కాపుదల పోతుంది. అందుకే నేను చూసుకునేవి రెండే: కోడి కూర్చునే ఎత్తులో గాలి తగలకూడదు, గూట్లో తడి నిలవకూడదు.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. చలి మొదలవగానే గూడు చుట్టూ బరకం చుట్టేసి, సందు లేకుండా తాళ్లు బిగిస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ దానివల్ల కోళ్లకు హాని. రాత్రంతా కోళ్లు వదిలే ఊపిరిలో, వేసే రెట్టలో బోలెడు తేమ ఉంటుంది. బయటికి దారి లేక అది పైకప్పుకు పట్టి, తెల్లవారేసరికి చుక్కలుగా కోళ్ల మీదే పడుతుంది. తడిసిన రెట్ట నుంచి అమ్మోనియా వాయువు పుడుతుంది. కళ్ల నీరు, ముక్కు కారడం, గురక అక్కడ మొదలవుతాయి. పొద్దున్నే తలుపు తీసి, వంగి, కోడి తల ఉండే ఎత్తులో ఊపిరి పీల్చి చూడండి. ఘాటు తగిలిందా, గాలి చాలడం లేదన్నమాట.

మేం ఉత్తరం వైపూ తూర్పు వైపూ వెదురు దడికి లోపలి నుంచి గోనె సంచులు కుట్టి, బయట బరకం కడతాం. అది కింది నుంచి కోళ్ల తలల పైదాకా వస్తుంది. చూరు కింద మాత్రం జానెడు ఖాళీ గూడు పొడవునా వదిలేస్తాం. తేమ, వేడిగాలి పైకి లేచి అక్కణ్నుంచి పోతాయి. ఆ ఖాళీకి సన్నకంతల ఇనుప జాలీ తప్పనిసరి. అడవిపిల్లి, ముంగిస చలికాలంలో ఇళ్ల వైపే వస్తాయి. దక్షిణం వైపు బరకాన్ని పైకి చుట్టుకునేలా కట్టండి. చలికాలంలో సూర్యుడు అటే వాలి ఉంటాడు కాబట్టి, మంచు విడవగానే చుట్టేస్తే ఎండ గూటి లోపలిదాకా పడుతుంది.

కింద పరుపుగా వరి ఊక మంచిది. నాలుగంగుళాల మందం పోసి, రెండు రోజులకోసారి కర్రతో తిరగెయ్యాలి. గుప్పిట పట్టి పిసికితే ముద్దయ్యే ఊకను తీసేసి కొత్తది వెయ్యండి. ఎండుగడ్డి వాడేవాళ్లు దాన్ని బాగా ఎండబెట్టి వాడాలి. బూజు పట్టిన గడ్డి వేస్తే కోడిపిల్లల ఊపిరితిత్తులకు ఆ బూజే జబ్బు తెస్తుంది. కోళ్లు నేల మీద పడుకోకుండా రెండడుగుల ఎత్తులో అడ్డకర్ర కట్టండి. గుండ్రటి సన్న వెదురు కన్నా రెండంగుళాల వెడల్పున్న చదును చెక్క మేలు. దాని మీద కూర్చుంటే పొట్ట ఈకలు కాలివేళ్లను కప్పేస్తాయి.

ఇక పగలు తిరిగే దొడ్డి. ఇక్కడ పొగమంచు తొమ్మిది, పది గంటల దాకా విడవదు, గడ్డి తడితడిగా ఉంటుంది. అందుకని దొడ్డిలో సగానికి రేకో, తాటాకో కప్పండి. ఆ నీడ కింద నేలను చుట్టుపక్కల కన్నా కాస్త ఎత్తు చేసి, ఇసుక పోసి, పైన ఎండిన సిల్వర్ ఓక్ ఆకులు పరుస్తాం. కోళ్లు పొద్దంతా వాటిని గీరుకుంటూ గడిపేస్తాయి. ఒక మూల పాత టైరులో పొయ్యి బూడిద, ఇసుక కలిపి పెట్టండి. తడి రోజుల్లో ఒళ్లు దులుపుకోవడానికి పొడిమట్టి దొరకదు, పేలు పడతాయి.

మేత విషయంలో సాయంత్రానిదే ముఖ్యం. గూటికి చేరే ముందు మొక్కజొన్న నూక, చోళ్లు (రాగులు) కడుపునిండా వేస్తాం. గింజ రాత్రంతా అరుగుతూ ఒంట్లో వేడి పుట్టిస్తుంది. నీళ్లు పొద్దున గోరువెచ్చగా పొయ్యండి. చన్నీళ్లు సరిగ్గా తాగవు, నీళ్లు తగ్గితే గుడ్లూ తగ్గుతాయి.

గుడ్లు తగ్గడానికి అసలు కారణం మాత్రం పొద్దు. పెట్టలకు రోజుకు 14 గంటలకు పైగా వెలుగు కావాలి. డిసెంబరులో మనకు పగలు 11 గంటలే. వనరాజా, గ్రామప్రియ లాంటి మేలు జాతి పెరటికోళ్లు పెంచేవాళ్లు తెల్లవారుజామున ఒక ఎల్ఈడీ బల్బు వెయ్యొచ్చు. సాయంత్రం వేసి టక్కున ఆపేస్తే కోళ్లు చీకట్లో కర్ర ఎక్కలేక కిందే ఉండిపోతాయి. నాటు కోళ్లకైతే నేను లైటు వెయ్యను. ఈకలు రాల్చుకుని కొత్తవి తెచ్చుకునే కాలంలో వాటిని కాస్త ఊపిరి తీసుకోనివ్వడం న్యాయం.

పిల్లల సంగతి వేరు. వాటికి ఈకలు ఉండవు. మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. తల్లి రెక్కల కింద ఉన్న పిల్లలకు భయం లేదు. విడిగా కొన్న పిల్లలకు అట్టతో గుండ్రంగా కంచె కట్టి, మధ్యలో ఫిలమెంట్ బల్బు వేలాడదీయాలి. వైరు మీద భారం వెయ్యకుండా బల్బును ఇనుప గొలుసుతో కట్టండి. అది ఊకలో పడితే క్షణాల్లో అంటుకుంటుంది. పిల్లలన్నీ బల్బు కింద కుప్పపడితే వేడి చాలలేదు, దూరంగా పారిపోయి నోళ్లు తెరిస్తే ఎక్కువైంది. బొగ్గుల కుంపటి మాత్రం గూట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. దాని విషవాయువు కంటికి కనిపించదు, వాసన రాదు. రాత్రికి రాత్రే గూడు ఖాళీ అయిపోతుంది.

కొక్కెర తెగులు టీకా, నట్టల మందు చలి ముదరకముందే వేయించండి. ఆ తెగులుకే పిల్లలకు వారం వయసులో లసోటా అనే టీకా కంట్లో చుక్క, 28వ రోజున మళ్లీ ఒకసారి, ఎనిమిది వారాలకు ఆర్2బీ అనే టీకా సూది. టీకా సీసాను ఐసులో పెట్టే తెచ్చారా అని అడగడానికి మొహమాటపడకండి.

బరకాలు మేం శివరాత్రి దాకా విప్పం. ఫిబ్రవరిలో మధ్యాహ్నాలు వేడెక్కినా తెల్లవారుజాములు ఇంకా కొరుకుతూనే ఉంటాయి. విప్పాక గోనెలు ఎండేసి, పాత ఊకను కుప్ప పోసి మాగనిచ్చి కూరమడులకు ఎరువుగా వేస్తాం. పచ్చి రెట్ట వేడికి మొక్కలు మాడిపోతాయి.